పెద్దల భాగము

గ్రామవృద్ధులారా,

ముదిమి వచ్చిన తల్లిదండ్రులను బిడ్డలు పోషింపవలెనను మాట మీకు నేను చెప్పబనిలేదు. అది మీ బిడ్డలకు చెప్పవలసినది. నేడు నేను విచారింపబూనినది వేఱొకటి: పోషింపని బిడ్డను రాజును శాసనమును ఏమి చేసినవి? ముదుసలుల చేతిలో ఏమి మిగిల్చినవి? దీనికొక చరిత్ర యున్నది. అందు కొంత మన జనగామ ప్రాంతమునకు చేరువదే.

పాలకుర్తి దాపున నున్న బమ్మెర పోతనామాత్యుని యూరని మనవారందురు. ఆయన తెనిగించిన దశమస్కంధమున, కంసవధానంతరము రామకృష్ణులు దేవకీవసుదేవులను చెఱ విడిపించి మ్రొక్కు ఘట్టమును మీలో ననేకులు పురాణకాలక్షేపమున వినియుందురు. తల్లిదండ్రులకు సేవ చేయని దినములు వృథాపోయినవని కృష్ణుడచ్చట వగచును. శక్తి యుండియు దేహముచేతను ధనముచేతను వారికి జీవనము కల్పింపని కొడుకునకు పరలోకమున ఘోరశిక్ష గలదని వ్యాసుని మూలము చెప్పుచున్నది. దేహము వేఱుగా, ధనము వేఱుగా చెప్పుట గమనింపుడు.

ధర్మశాస్త్రకారులు పరలోకశిక్షతో తృప్తిపడలేదు. పతితులు కాని తల్లిని, తండ్రిని, భార్యను, పుత్రుని విడిచినవానికి రాజు 600 పణములు దండుగ వేయవలెనని మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున నున్నది. యాజ్ఞవల్క్యుడు దానిని 100 చేసెను. కౌటిల్యుని యర్థశాస్త్రమున 12 పణములే. కాని యాతడొక విశేషము చెప్పినాడు. పతితులను పోషింపకున్న దండుగ లేదు. తల్లి మాత్రము పతితయైనను పోషింపవలసినదే యనెను. అర్థశాస్త్రము కఠినగ్రంథమని నిందించువారు ఈ వాక్యమును చదువలేదు కాబోలు.

దండుగకంటె ముఖ్యమైనది భాగము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య రచించినది కల్యాణి చాళుక్యుడైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున. జనగామకు పడమటనున్న కొలనుపాక నాడు ఆ రాజుల ప్రాంతీయ రాజధాని. కాకతీయులు వారికి సామంతులు. కావున ఆ గ్రంథము మనకు పరదేశపుది కాదు. 13వ శతాబ్దమున మూలఘటిక కేతన దాని ననుసరించి విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యగ్రంథము చేసెను. ఈ ధర్మమున పైతృకమైన యాస్తియందు కొడుకునకు జన్మముతోడనే హక్కు కలదు. అయినను తండ్రి బ్రదికియుండగా పంపకము జరిగినచో నాతడు వట్టిచేతులతో లేవడు. తన భాగము తానుంచుకొనును. రెండు భాగములుంచుకొనవచ్చునని నారదుడనెను. తండ్రి పోయినపిదప కొడుకులు పంచుకొన్నచో తల్లికి వారితో సమానభాగమని యాజ్ఞవల్క్యుని మాట. దక్షిణదేశపు పండితులు స్మృతిచంద్రికను పట్టుకొని ఈ తల్లిభాగమును జీవనభృతిగా కుదించిరి. పండితులు చేసిన మేళ్లలో దీనిని నేను చేర్చజాలను.

బ్రిటిషు ఇండియాలో 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు భార్యాబిడ్డల మనోవర్తిని చెప్పి తల్లిదండ్రులను మఱచెను. నిజాము రాజ్యముననున్న మనకు ఆ కోడు 1951లో సంక్రమించినది. 1956 నాటి హిందూ దత్తత మనోవర్తి శాసనము వృద్ధులైన తల్లిదండ్రుల పోషణభారమును కొడుకుపైనను కూతురిపైనను మోపెను; బిడ్డలు లేని సవతితల్లిని గూడ చేర్చెను. 1973 నాటి క్రొత్త కోడు ఆ హక్కును అన్ని మతములవారికిని ఇచ్చెను. 2024లో దాని స్థానమున వచ్చిన సంహితయందును ఆ హక్కు నిలిచియున్నది.

శాసనములిట్లు పెరుగుచుండగా మన యూళ్ల యాచారమెట్లున్నది? తండ్రి బ్రదికియుండగనే పట్టాలన్నియు కొడుకుల పేర మాఱును. పిదప పెద్దలకు వంతులు. ఈ నెల పెద్దవానియింట, పై నెల నడిపివానియింట. లేదా తండ్రి యొకనికి, తల్లి మఱియొకనికి. ఏబది యేండ్లొక యింట కాపురము చేసినవారు వేఱువేఱు వాకిళ్లలో కూర్చుందురు. నెలకు ముప్పదియొక్క దినములున్నచో ఆ మిగులు దినమెవరి వంతని తగవులాడినవారిని నేనెఱుగుదును. ఆస్తిని పంచు విధి స్మృతులలో కలదు. తల్లిదండ్రులను పంచు విధి నాకెచ్చటను కానరాలేదు. పట్నమునకు పోయిన కొడుకు నెలనెల ధనము పంపునుగాని, దేహముచేత చేయవలసిన సేవ మిగిలియే యుండును.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ శాసనము వచ్చెను. దీనినిబట్టి రెవెన్యూ డివిజను అధికారి యధ్యక్షుడుగా ట్రిబ్యునలు కూర్చుండి నెలకు 10,000 రూపాయల వఱకు మనోవర్తి నిర్ణయించును. అప్పీలు కలెక్టరు వద్ద. 2016లో మన మూడు జిల్లాలేర్పడుటచే ఆయనయు చేరువయ్యెను. సంతానము లేనివారు తమ యాస్తికి వారసులగు బంధువులపై అర్జీ పెట్టవచ్చును. 60 ఏండ్లు నిండినవారిని పోషింపవలసియుండియు వదలివేసినవారికి మూడు నెలల వఱకు ఖైదో, 5,000 రూపాయల వఱకు జుల్మానాయో, రెండునో పడును. మనువు పణములు ఇట్లు రూపాయలైనవి.

ఇందు 23వ సెక్షను మీకు మిక్కిలి ముఖ్యము. 60 ఏండ్లు నిండినవారు, తమ్ము పోషింపవలెనను షరతుతో ఆస్తి వ్రాసియిచ్చినపుడు, పుచ్చుకొన్నవాడు షరతు తప్పినచో ఆ పత్రమును రద్దు చేయింపవచ్చును. షరతు లేనిచో ఈ సెక్షను పనికిరాదని సుప్రీముకోర్టు 2022 డిసెంబరులో తీర్పు చెప్పెను. మధ్యప్రదేశమున ఒక తల్లి 2019లో కొడుకునకిచ్చిన దానపత్రమును అదే కోర్టు 2025 జనవరి 2న రద్దు చేసి యాస్తిని మరల నామెకిప్పించెను. పోషింతునను మాట వ్రాతలో నుండుటయే యామెకు బలమైనది. కావున ప్రేమచే ఇచ్చితినని మాత్రము వ్రాయించి వేలిముద్ర వేయకుడు. షరతు వ్రాయింపుడు. అంతకంటె మేలు, యాజ్ఞవల్క్యుని మార్గమున కొంత నేల మీ పేరనే యుంచుకొనుడు. కొడుకుపై అపనమ్మకమా యని యెవరైన నడుగుదురు. తండ్రికి భాగముంచిన స్మృతికర్తలు కొడుకులను ద్వేషించినవారు కారు.

భూపాలపల్లివైపు కొందఱి యాస్తి నేలపైన గాక బొగ్గుబావిలో నుండును. సింగరేణిలో వ్యాధిచే పనికి తగడని తేలిన కార్మికుని వారసునకు కొలువిచ్చు కారుణ్యనియామక పద్ధతి కలదు. వ్రాసియిచ్చిన పొలమును మరల పొందవచ్చును. కొడుకెక్కిన కొలువును తండ్రి మరల నెక్కజాలడు. అట్టివానికి కొడుకు జీతమునుండి మనోవర్తి యడుగుటయే త్రోవ.

పరువు పోవునని జంకువారి కొకమాట. విచారణకు ముందు రాజీ కుదుర్చు నధికారికి వ్యవహారమును పంపు వీలు ఆ శాసనముననే కలదు. న్యాయవాది నక్కఱలేదు, అర్జీ తాము పెట్టుకొనలేనివారు తమ తరఫున మఱియొకరిచేత పెట్టింపవచ్చును. జనగామ, మహబూబాబాదు, తొఱ్ఱూరు, భూపాలపల్లి పట్టణములలో ఆర్డీఓ కార్యాలయములున్నవి.