గోపాలపురం ఒడ్డున ఒక రోజు: రంగం వెళ్ళిన పడవలు, మిగిలిన మాటలు

మన తెలుగువాళ్ళు ఊళ్ళు దాటి ఎలా వెళ్ళారని ఎవరైనా అడిగితే మనం మామూలుగా రైళ్ళ గురించి, రాజుల సైన్యాల గురించి, మగ్గాల గురించి చెబుతాం. సముద్రం మాట తక్కువే వస్తుంది. కర్ణాటకలో స్థిరపడ్డ మా లాంటి కుటుంబాలకైతే అది మరీ దూరం. మా పెద్దవాళ్ళ కథల్లో చెరువు ఉంటుంది, అంగడి ఉంటుంది, విజయనగరం ఉంటుంది. ఓడ మాత్రం ఉండదు. అందుకే ఒడిశాలోని గోపాల్‌పూర్ గురించి రాస్తున్నాం. అక్కడి తెలుగువాళ్ళు ఈ ఊరిని గోపాలపురం అనే అంటారు.

బరంపురం నుంచి గోపాలపురం దాదాపు 15 కిలోమీటర్లు. మేము ఐదుగురం వెళ్ళాం: కర్ణాటక నుంచి ఇద్దరం, హోసూరు వైపు నుంచి ఒకరు, యానాం అబ్బాయి ఒకడు, బరంపురంలోనే పుట్టిన స్నేహితుడు ఒకడు. ఆ బరంపురం స్నేహితుడికి బాగా తెలిసిన ఒక పెద్దాయన రోజంతా మాకు ఊరు చూపించాడు. వయసు అరవై అయిదు దాటి ఉంటుంది. చేపల వేట మానేసి నాలుగైదేళ్ళయింది. మా స్నేహితుడు బాబాయ్ అంటాడు కాబట్టి మేమూ బాబాయ్ అనే పిలిచాం.

ఒడియావాళ్ళు ఈ మత్స్యకారులను నోలియాలు అంటారు. ఇంట్లో వీళ్ళ భాష తెలుగు. వాడబలిజలు, జాలార్లు అని శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో మనం వినే పేర్లే ఇక్కడా ఉన్నాయి. పూరీలో పెంటకోట అనే పెద్ద పల్లెలో ఉన్నదీ వీళ్ళే. బాబాయ్ ముందు నడుస్తూ "బేగి రండి బాబూ, ఎండెక్కిపోద్ది" అన్నాడు. కన్నడ మీడియంలో చదివిన మాకు ఆ మాట వెంటనే అందింది, ఎందుకంటే కన్నడలోనూ త్వరగా అనడానికి "బేగ" అంటారు. ఒడియాలోనూ "బేగి" ఉందని బరంపురం స్నేహితుడు చెప్పాడు. పుస్తకాల తెలుగులో కనిపించని మాట మూడు రాష్ట్రాల వాళ్ళం కలిసిన చోట అందరికీ అర్థమైంది.

మొదట లైట్‌హౌస్ దగ్గరికి, తర్వాత ఒడ్డున మిగిలిన పాత రేవు గోడల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇక్కడ ఓడలు ఆగేవంటే చూసేవాళ్ళకు నమ్మకం కలగదు. ఎదురుగా బంగాళాఖాతం, విరిగిపడే అలలు, అంతే. సహజమైన ఓడరేవు కాదు. మన తూర్పు తీరంలో చాలా రేవులు ఇలాంటివే. స్టీమరు దూరంగా లోతు నీళ్ళలో లంగరు వేసేది. మనుషులను, సరుకును అక్కడికి చేర్చింది మాసుల పడవలు. ఆ పడవ పలకలకు మేకులు కొట్టరు, కొబ్బరి తాడుతో కుట్టి బిగిస్తారు. అల వచ్చి కొట్టినప్పుడు బిగుతుగా ఉన్న పడవ పగులుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి మళ్ళీ నిలుస్తుంది. దాన్ని నడిపిన చేతులు ఈ నోలియాల తాతలవి. వాళ్ళు లేకపోతే ఒడ్డు నుంచి ఓడదాకా ఒక్క మూటా వెళ్ళేది కాదు.

ఆ ఓడలు ఎక్కడికి వెళ్ళేవో చెప్పేటప్పుడు బాబాయ్ వాడిన మాట "రంగం". అంటే రంగూన్. 1852 యుద్ధం తర్వాత దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. ఇరావతి డెల్టాలో వరి సాగు విపరీతంగా పెరిగింది. ధాన్యం మిల్లులకు, రేవు పనికి, కోతలకు కూలీలు కావాలి. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు వేల సంఖ్యలో వెళ్ళారు. మేస్త్రీ ముందుగా డబ్బు ఇచ్చి తీసుకెళ్ళేవాడు, అక్కడ జీతంలోంచి ఆ అప్పు కోసుకునేవాడు. చాలామంది కొన్ని నెలలో, కొన్నేళ్ళో పనిచేసి తిరిగి వచ్చేవాళ్ళు. గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడ అందరూ ఓడెక్కిన రేవులే.

బర్మాలో ఈ తెలుగు కూలీలను "కోరంగీలు" అనేవాళ్ళు. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి వచ్చిన పేరు ఇది. 1839 తుఫాను కోరంగిని దెబ్బతీసింది, పేరు మాత్రం సముద్రం దాటి వెళ్ళి అక్కడే స్థిరపడింది. ఇది విని మా యానాం స్నేహితుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా పక్కూరి పేరు అక్కడ తిట్టుగా వాడారా?" అని అడిగాడు. అవును, అది గౌరవంగా పిలిచిన పేరు కాదు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. అంతకు ఒక ఏడాది ముందు, 1930 మేలో, రేవు పని ఎవరిదన్న గొడవ తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య ఘోరమైన అల్లర్లుగా మారింది. చాలామంది మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళ ఊళ్ళలో వాళ్ళకు ఒక స్తంభమైనా ఉందేమో మేము చూడలేదు.

బాబాయ్ తాత కూడా రంగం వెళ్ళాడు. "ఒకసారి ఎల్లి వొచ్చినాడు. రెండోసారి ఎల్లినప్పుడు మాయయ్యకి నాలుగేళ్ళు. మరి రాలేదు" అన్నాడు. మొదటిసారి తెచ్చిన నల్లటి కర్రపెట్టె ఇంకా ఇంట్లో ఉంది. దాన్ని రంగం పెట్టె అంటారు. ఇప్పుడు అందులో రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, వల బెండ్లు కొన్ని ఉన్నాయి.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా ఒక మాట చెబితే అది రెండో చోట కూడా నిలుస్తుందా అని చూడటం మాకు అలవాటైపోయింది. ఆయన చెప్పింది నిలిచింది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి, 1942 మార్చిలో నగరం వాళ్ళ చేతికి పోయింది. ఓడలో చోటు దొరికినవాళ్ళు బయటపడ్డారు. మిగతావాళ్ళు అడవుల గుండా కాలినడకన బయలుదేరారు, దారిలో ఎంతోమంది చనిపోయారు. పేదవాడికి ఓడ టికెట్టు దొరకడం కష్టం. తాత ఏ గుంపులో ఉన్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. నాయనమ్మ చివరిదాకా బొట్టు తీయలేదట.

ఆయన చెప్పిన ఇంకో మాట మాత్రం పూర్తిగా నిలవలేదు. "బాంబులకే రేవు పోనాది" అన్నాడు. యుద్ధం ఆఖరి దెబ్బ కొట్టిన మాట నిజమే. కానీ అంతకు ముందే, 1893 నుంచి 1896 దాకా విజయవాడ - కటక్ రైలు మార్గం వేశారు. అలలతో పోరాడి ఓడకు ఎక్కించే సరుకు మెల్లగా రైలు పెట్టెల్లోకి మారింది. మిగిలింది బర్మా ప్రయాణికులు. వాళ్ళూ ఆగిపోయాక రేవుకు పని లేదు. ఇది చెబితే బాబాయ్ ఒప్పుకున్నాడు, "రైలూ తిన్నాది, యుద్ధమూ తిన్నాది" అని.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాలో ఒకరం, "మేము కర్ణాటకకు వలస వెళ్ళినట్టే మీరూ ఒడిశాకు వచ్చారన్నమాట" అన్నాం. ఆయన చేతిలోని ముద్ద ఆపేశాడు. "మేం ఎక్కడికీ రాలేదు బాబూ. గీతే మా మీంచి ఎల్లిపోనాది."

ఈ మాట మీద రాత్రిదాకా మాట్లాడుకున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గోపాలపురం, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోవి. గంజాం జిల్లా ఒకటే. అందులో దక్షిణాన ఉన్న పల్లె నుంచి ఉత్తరాన ఉన్న రేవుకు పనికోసం వస్తే దాన్ని వలస అనడం కష్టం. రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో పుట్టింది బరంపురంలో. గిడుగు రామమూర్తి గారు దశాబ్దాలు పనిచేసింది పర్లాకిమిడిలో. జనం మాట్లాడే తెలుగునే రాయాలని పోరాడిన ఆయన, ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. బాబాయ్ లాంటి వాళ్ళ దగ్గర వెళ్ళడానికి డబ్బు లేదు, సముద్రం వదిలి వెళ్ళాలన్న కోరికా లేదు.

అయితే ఇందులో మనం మరిచిపోయే రెండో సగం ఉంది. గంజాంలో ఒడియా మాట్లాడేవాళ్ళు ఎక్కువ. మద్రాసు పాలనలో కచేరీల్లో, బళ్ళలో మాత్రం తెలుగువాళ్ళ పెత్తనం ఎక్కువ. తమ భాషకు చోటు లేదన్న బాధతోనే ఒడియావాళ్ళు ఏకం కావాలనుకున్నారు. 1903లో మధుసూదన్ దాస్ ముందు నిలిచి ఉత్కళ సమ్మిళని మొదలైంది. అంటే ఇవాళ మనం బయటి రాష్ట్రాల్లో అనుభవించే "మన భాషకు బడి లేదు" అన్న బాధ, ఒకప్పుడు మనవాళ్ళ వల్ల వాళ్ళు అనుభవించారు. ఈ ముక్క చెప్పకుండా గోపాలపురం చరిత్ర చెబితే అది సగం చరిత్రే. పెత్తనం చేసింది కచేరీ గుమాస్తాలు, దాని ఖరీదు కడుతున్నది కచేరీ ఎన్నడూ ఎక్కని నోలియాలు. ఇదీ చెప్పాలి.

సాయంత్రం ఒడ్డున తెప్పల దగ్గర కూర్చున్నాం. ఇప్పుడు ఎక్కువగా ఫైబర్ పడవలే, ఇంజను, జీపీఎస్ ఉన్నాయి. పాతకాలంలో గాలి ఏ వైపు నుంచి వీస్తే ఏ చేప, నీటి రంగు మారితే ఏం చేయాలి, వీటన్నిటికీ పేర్లుండేవి. బాబాయ్‌కి తెలుగు చదవడం రాదు. మనవరాలు ఒడియా మీడియంలో తొమ్మిది చదువుతోంది. ఆ పిల్ల తాత చెప్పే గాలుల పేర్లను స్కూలు నోట్‌బుక్కులో రాసుకుంటోంది. మాటలు తెలుగు, అక్షరాలు ఒడియా. మాలో ఒకరు "అయ్యో" అన్నారు. మాకు అలా అనిపించలేదు. మేమూ తెలుగును చెవితో నేర్చుకున్నవాళ్ళమే. కన్నడ అక్షరాలు దగ్గరగా ఉండబట్టి తెలుగు చదవడం తర్వాత పట్టుబడింది. ఏ లిపిలో రాసినా సరే, రాస్తే మాట బతుకుతుంది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ముందే దాదాపు పది లక్షల మందిని రెండు రాష్ట్రాల్లో ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణనష్టం తగ్గింది. బాబాయ్ వాళ్ళు షెల్టరుకు వెళుతూ రంగం పెట్టెను దూలానికి కట్టి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి పైకప్పు లేదు, దూలం ఉంది, పెట్టె ఉంది. నోట్‌బుక్కును ఇప్పుడు అందులోనే పెడుతున్నారు. ఒక ప్రతి మా బరంపురం స్నేహితుడి దగ్గర కూడా ఉండాలని ఆ పిల్లే అడిగింది. ప్రతి పేజీ ఫోటో తీసుకున్నాం.

ఇది చదివే మీ ఇళ్ళలో, ముఖ్యంగా యానాం, బరంపురం, పర్లాకిమిడి వైపు బంధువులున్న ఇళ్ళలో, "రంగం" అన్న మాట ఎప్పుడైనా వినిపించిందేమో పెద్దవాళ్ళను అడగండి. ఎవరు వెళ్ళారు, ఏ రేవులో ఎక్కారు, ఏ ఏడాది, తిరిగి వచ్చారా లేదా, ఈ నాలుగు రాసి పెట్టండి. మీకు ఏ లిపి వస్తే ఆ లిపిలో.