యుద్ధాంతం కోసం మహాగ్ని: బొబ్బిలి కోట, హిరోషిమా, పాశుపతం

క్రీ.శ. 1757 జనవరి 24. ఆనాటి ఉషఃకాలంలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట బురుజుల మీద గర్జించడం ఆరంభించాయి. మట్టికోట, దాని చుట్టూ దట్టమైన అడవి. లోపల ఉన్నది ఒక చిన్న సంస్థానాధీశుడు, అతని బంధుపరివారం, వారి స్త్రీలు, శిశువులు. కోటను కాపాడినవారి శౌర్యాన్ని శత్రుపక్షం సైతం కొనియాడింది. కాని ఫిరంగికి శౌర్యంతో నిమిత్తం లేదు. మధ్యాహ్నం దాటేసరికి ఇక ఆశ లేదని రాజా రంగారాయునికి విశదమైంది. ఆయన తన ముఖ్యులను పిలిచి, అంతఃపురం, ఇళ్ళు శత్రువుల చేతికి చిక్కరాదని ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞను శిరసావహించినవారు స్వహస్తాలతోనే గృహాలకు నిప్పుపెట్టారు, తమ ఆలుబిడ్డలను సంహరించారు. అనంతరం కోటగోడల వద్దకు తిరిగివచ్చి పోరాడుతూ నేలకొరిగారు. ఒక వృద్ధుడు పసిబాలుని వెంటబెట్టుకొని వచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడని రాబర్ట్ ఓర్మ్ తన చరిత్రలో నమోదు చేశాడు. ఆ బాలుడు రంగారాయుని కుమారుడు.

ఇంతటి ఘోరానికి మూలమైన వివాదం స్వల్పమే. నిజాం సలాబత్ జంగు 1753లో ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తం చేశాడు. వాటిలో ఉత్తరాగ్రాన ఉన్నది శ్రీకాకుళం సర్కారు. విజయనగరం, బొబ్బిలి రెండూ ఆ సర్కారులోని సంస్థానాలే. ఇరుగుపొరుగు సంస్థానాల మధ్య పొలిమేర తగాదాలు, నీటి తగాదాలు పాతవి. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు బుస్సీకి ఆప్తుడై, పొరుగువానిని అక్కడినుండి తొలగించమని పట్టుబట్టాడు. బొబ్బిలి విడిచిపెడితే అంతకంటె విలువైన భూములు మరొకచోట ఇస్తామని బుస్సీ కబురు పంపాడని ఓర్మ్ రాశాడు. రంగారాయుడు నిరాకరించాడు. పితృపితామహుల భూమిని విడవమనడం క్షత్రియాభిమానానికి మరణంతో సమానమని ఆయనకు తోచింది.

బుస్సీ స్థానంలో నిలిచి ఆలోచిస్తే అతని వాదం సులభంగానే ఊహించవచ్చు. ఈ కలహం ఏళ్ళ తరబడి సాగవలసినది. అడవిపోరులో వందలమంది నశించవలసినది. తన ఫిరంగులు దానిని ఒక్క దినంలో ముగించాయి. శిశువులను చంపినది తాను కాదు, వారి తండ్రులే. యుద్ధాన్ని త్వరగా ముగించే మహాబలం వాస్తవానికి కరుణారూపమే కదా అని అతడు అడగవచ్చు.

సరిగ్గా నూట ఎనభై ఎనిమిది సంవత్సరాల అనంతరం ఇదే వాదాన్ని ఒక మహారాజ్యం లోకం ముందు ఉంచింది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయి. ఆ సంవత్సరాంతానికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది మరణించారని అంచనా. ఆగస్టు 15న జపాన్ చక్రవర్తి లొంగుబాటును ప్రకటించాడు. అమెరికా యుద్ధ కార్యదర్శిగా ఉన్న హెన్రీ స్టిమ్సన్ 1947లో ఒక వ్యాసం వెలువరించి, బాంబు లేకుంటే జపాన్ ద్వీపాలపై దండయాత్ర అనివార్యమయ్యేదనీ, అందులో అమెరికా పక్షానికే పది లక్షలకు పైగా హతక్షతగాత్రుల నష్టం కలిగేదనీ సమర్థించాడు.

ఈ వాదాన్ని తేలికగా త్రోసిపుచ్చడం న్యాయం కాదు; కళింగాంధ్ర ప్రజలకైతే అసలే కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు అప్పుడు విశాఖపట్నం జిల్లాలోనివే. పట్టణవాసులు మూటాముల్లె కట్టుకొని పల్లెలకు పరుగెత్తారు. అంతకంటె ఘోరం బర్మాలో జరిగింది. ఈ తీరంనుండి తరతరాలుగా రంగూను వెళ్ళి రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో శ్రమించిన తెలుగువారు 1941 డిసెంబరు 23నాటి బాంబుదాడి తరువాత అరకాను, అస్సాము కొండదారులగుండా కాలినడకన తిరుగుముఖం పట్టారు. ఆకలి, కలరా, మన్యజ్వరం ఆ దారుల్లో ఎందరిని బలిగొన్నాయో లెక్క తేలలేదు. మలయా తోటలనుండి తమిళ, తెలుగు కూలీలను జపాన్ సైన్యం సయాం-బర్మా రైలుమార్గానికి తరలించింది; వారిలో అనేకులు అక్కడే మట్టిలో కలిశారు. అటువంటి ఇంటివారికి 1945 ఆగస్టులో యుద్ధం ముగిసిందన్న వార్త అమృతప్రాయమై ఉంటే అందులో వారి తప్పేమీ లేదు. యుద్ధం సాగిన ప్రతి దినమూ ఎక్కడో ఎవరో మరణిస్తూనే ఉన్నారు. ప్రశ్న బరువంతా ఇక్కడే ఉంది.

అణ్వస్త్ర నిర్మాతలలో అగ్రగణ్యుడైన ఓపెన్‌హైమర్ కాలిఫోర్నియాలో ఆర్థర్ రైడర్ వద్ద సంస్కృతం అభ్యసించినవాడు. 1945 జూలై 16నాటి తొలి పరీక్ష సమయంలో గీతలోని విశ్వరూపదర్శనయోగం, కాలస్వరూపుడైన భగవానుని వాక్కు తనకు స్ఫురించాయని ఆయన తరువాత చెప్పాడు. ఆ కథనం లోకప్రసిద్ధం. దానిని ఆధారంగా చేసుకొని గీత ఈ సంహారాన్ని సమర్థిస్తుందని కొందరు, భారతకాలంలోనే అణుబాంబులు ఉండేవని మరికొందరు చెప్పుకొంటూ ఉంటారు. రెండవ మాట చర్చకే తగదు. మొదటిదానికి మాత్రం భారతమే సమాధానం చెబుతుంది. గీతను విన్న ఆ అర్జునుని చేతిలోనే పాశుపతం ఉన్నది కనుక.

ఉద్యోగపర్వం చివరిభాగంలో ఒక సన్నివేశం ఉంది. పాండవసేనను ఎన్ని దినాలలో అంతం చేయగలరని దుర్యోధనుడు తన సేనానాయకులను అడుగుతాడు. భీష్ముడు ఒక మాసం అన్నాడు, ద్రోణుడూ అంతే అన్నాడు. కృపుడు రెండు మాసాలు కోరాడు. అశ్వత్థామ పది రాత్రులన్నాడు, కర్ణుడు అయిదన్నాడు. చారులవలన ఇది విన్న ధర్మరాజు కలతచెంది అర్జునుని అదే ప్రశ్న అడిగాడు. కిరాతరూపుడైన పశుపతి అనుగ్రహించిన అస్త్రంతో ఒక్క నిమేషంలో ముగించగలనని అర్జునుని సమాధానం. వెంటనే అతడే మరొక మాట చేర్చాడు: దివ్యాస్త్రాలతో సామాన్యజనాన్ని రణంలో చంపడం యుక్తం కాదు, ఋజుయుద్ధంతోనే శత్రువులను జయిద్దాం.

స్టిమ్సన్ లెక్క ప్రకారం చూస్తే ఇది మహాపరాధమే. నిమేషంలో ముగియవలసిన యుద్ధం పద్దెనిమిది దినాలు సాగింది. పద్దెనిమిది అక్షౌహిణులు నశించాయి. మిగిలినవారిని వేళ్ళమీద లెక్కించవచ్చు. వ్యాసమహర్షి ఈ మూల్యాన్ని దాచలేదు. స్త్రీపర్వం మొత్తం ఆ మూల్యానికి సంబంధించిన విలాపమే. అర్జునుడు ఇతర దివ్యాస్త్రాలను ఆ యుద్ధంలో ప్రయోగించాడు కూడా. కాని రుద్రాస్త్రంతో సేనాసముద్రాన్ని ఒక్కసారిగా భస్మం చేయడానికి పూనుకోలేదు. దీనిని బట్టి ఒక సంగతి తెలుస్తుంది. మృతుల సంఖ్యను తగ్గించడమే ధర్మం అని అర్జునుడు భావించలేదు. ఎవరిని, ఎట్టి సాధనంతో, ఎదుటివానికి ప్రతిఘటించే అవకాశం ఉంచి చంపుతున్నామా లేదా అన్నది అతనికి ముఖ్యం. ఈ వైఖరి ఆధునికునికి కఠోరంగా తోచవచ్చు. తోచనివ్వండి.

అయితే శాస్త్రం తలుపును పూర్తిగా మూసివేసిందనడం కూడా సత్యం కాదు. వనపర్వంలో అర్జునుడు అన్నగారికి అస్త్రాలను ప్రదర్శించబోగా భూమి కంపించింది, ప్రాణికోటి తల్లడిల్లింది. నారదుడు వచ్చి వారించాడు. తగిన లక్ష్యం లేనిచోట వీటిని ప్రయోగించరాదు. లక్ష్యం ఉన్నా ఆర్తి కలగనిదే ప్రయోగించరాదు. అంటే ఆర్తుడైనవానికి, తగిన లక్ష్యం ఎదుట ఉన్నప్పుడు, అనుమతికి కొంత చోటు ఉంది. అమెరికా ఆర్తదశలో ఉన్నదా? 1945 ఆగస్టునాటికి జపాన్ నౌకాబలం ఛిన్నాభిన్నమైంది, దాని నగరాలు అప్పటికే అగ్నిబాంబులకు దగ్ధమవుతున్నాయి, సోవియట్ సైన్యం మంచూరియాలో ప్రవేశించనున్నది. ఇక లక్ష్యం మాటకు వస్తే, హిరోషిమాలో సైనిక కేంద్రం ఉన్నమాట నిజం. బాంబు పడినది మాత్రం పాఠశాలలతో, ఆసుపత్రులతో కూడిన నగరం నడుమ.

ద్రోణుని వృత్తాంతం ఈ విషయంలో మరింత నిశితమైనది. కురుసేనాపతిగా ఆయన అస్త్రవిద్య ఎరుగని సామాన్య సైనికుల మీద బ్రహ్మాస్త్రం ప్రయోగించాడు. వారు ఆయుధపాణులే, రణరంగంలో ఉన్నవారే. అయినా విశ్వామిత్ర, జమదగ్ని, వసిష్ఠాది మహర్షులు, ఆయన తండ్రియైన భరద్వాజునితో సహా, అంతరిక్షంలో ప్రత్యక్షమై ఇది అధర్మమని నిష్ఠురమాడారు. యుద్ధం త్వరగా ముగుస్తున్నదన్న వాదాన్ని ద్రోణుడు వినిపించలేదు. ఆయుధం క్రింద పెట్టే దిశగా ఆయన మనస్సు మళ్ళింది. అస్త్రం తెలియని సైనికుని విషయంలోనే ఋషులు ఇంత కఠినంగా ఉంటే, నిరాయుధయైన తల్లి విషయంలో వారేమంటారో వేరే చెప్పనక్కరలేదు.

ధర్మశాస్త్రం ఆదర్శం మాత్రమే, రాజనీతి వేరని అనేవారున్నారు. అందుకు అర్థశాస్త్రాన్నే చూడవచ్చు. కౌటిల్యుడు విషప్రయోగానికి, వంచనకు వెనుదీయనివాడు. దుర్గగ్రహణ ప్రకరణంలో కోటకు నిప్పుపెట్టే ఉపాయాలు కూడా వివరించాడు. వివరించిన పిదప, పరాక్రమంతో సాధ్యమయ్యే చోట అగ్నిని విడువరాదని హెచ్చరించాడు. అగ్ని విశ్వసనీయం కాదు, అది దైవపీడ, అసంఖ్యాక ప్రాణులను, ధాన్యాన్ని, పశువులను, ధనాన్ని నశింపజేస్తుంది, అట్లు సర్వం కోల్పోయిన రాజ్యం లభించినా నష్టానికే దారితీస్తుంది. బొబ్బిలిలో బుస్సీ చేతికి చిక్కినది అటువంటి కోటే. నిప్పు పెట్టినవారు లోపలివారే అయినా, ఆ స్థితికి నెట్టినవాడు బాధ్యతనుండి తప్పుకోలేడు. రంగారాయుడు సైతం తప్పుకోలేడు. జానపదగాథలు ఆయనను వీరుడని కీర్తిస్తాయి, అది యథార్థమే. కాని మాట చెప్పడానికి వయసు చాలని శిశువు ప్రాణం మీద అభిమానధనునికి అధికారం ఎవరిచ్చారన్న ప్రశ్న ఆ గాథల్లో అరుదుగా వినబడుతుంది.

యుద్ధం నిజంగా ముగిసిందా? బొబ్బిలి పతనమైన మూడవనాటి రాత్రి విజయరామరాజు తన గుడారంలోనే హతుడయ్యాడు. రాజాంనుండి ఆలస్యంగా చేరుకొన్న తాండ్ర పాపారాయుడు ఈ ప్రతీకారాన్ని నెరవేర్చాడని ఈ ప్రాంతపు ప్రతి బుర్రకథా చెబుతుంది. నిద్రించువానిని చంపరాదన్నది మనువు నియమం. రాత్రివేళ శిబిరంలో చొరబడి చేసిన సంహారం వినగానే సౌప్తికపర్వం గుర్తుకు రాకమానదు. బొబ్బిలి ప్రజలకు పాపారాయుడు అశ్వత్థామ కాడు, ఎన్నటికీ కాబోడు. అయినా నూరుమంది శిశువుల చితిని చూచిన కన్నులకు రాత్రియుద్ధ నిషేధం కనబడదన్నది రెండు కథల్లోనూ సమానమే. విజయరామరాజు వారసుడైన ఆనందగజపతి మరుసటి సంవత్సరమే ఫ్రెంచివారిమీద తిరగబడి విశాఖపట్నం పట్టుకొన్నాడు, కలకత్తాలోని క్లైవుకు కబురుపెట్టాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడారు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం పోయింది. ఒక్క దినంలో కలహాన్ని ముగించిన ఫిరంగుల అధిపతులు మూడేళ్ళు తిరగకమునుపే ఉత్తర సర్కారులనుండి నిష్క్రమించారు.

హిరోషిమా తరువాత నాలుగేళ్ళకే, 1949లో, సోవియట్ రాజ్యం తన అణ్వస్త్రాన్ని పరీక్షించింది. అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని విడిచినప్పుడు దానిని శమింపజేయడానికి అర్జునుడూ అస్త్రం విడిచాడు. వ్యాసనారదులు ఆ రెండు జ్వాలల నడుమ వచ్చి నిలిచారు. ఒక బ్రహ్మశిరాన్ని మరొక మహాస్త్రం అణచిన రాజ్యంలో పన్నెండేళ్ళు వర్షం కురవదని వ్యాసుడు హెచ్చరించాడు. అర్జునుడు ఉపసంహరించాడు; బ్రహ్మచర్యవ్రతనిష్ఠ కలవానికే అది సాధ్యం. అశ్వత్థామకు విడవడం తెలుసు, మరల్చడం తెలియదు. ఆ అస్త్రం పాండవ స్త్రీల గర్భాలమీదకు పోయింది. టోక్యో న్యాయస్థానంలో ఏకైక భారతీయ న్యాయమూర్తి రాధావినోద పాల్ తన విభిన్న తీర్పులో, విచక్షణ లేకుండా పౌరప్రాణాలను నాశనం చేయడమే యుద్ధనేరమైతే పసిఫిక్ యుద్ధంలో దానికి మిక్కిలి చేరువైనది అణుబాంబు నిర్ణయమేనన్న అభిప్రాయం వ్యక్తం చేశాడు. ఆ నిర్ణయం చేసినవారిపై ఏ న్యాయస్థానంలోనూ అభియోగం నమోదు కాలేదు.

ఈ నేల ఇంకొక విజేతను కూడా ఎరుగును. వంశధారాతీరంలోని శాలిహుండం బౌద్ధావశేషాలు ఆ కాలపు గాలిని ఇంకా మోస్తున్నాయి. అశోకుడు తన పదమూడవ శిలాశాసనంలో కళింగయుద్ధపు లెక్క చెప్పాడు: లక్షమంది హతులు, లక్షాయాభైవేలమంది చెరపట్టబడినవారు, అంతకు ఎన్నోరెట్లు ఇతరత్రా మరణించినవారు. బ్రాహ్మణులు, శ్రమణులు, గృహస్థులు పడిన దుఃఖానికి పశ్చాత్తాపం ప్రకటించాడు. అదే శాసనంలో అటవికులను, తన పశ్చాత్తాపం వెనుక బలం కూడా ఉన్నదని హెచ్చరించాడు. కళింగాన్ని తిరిగి ఇచ్చినట్లు అందులో లేదు. చెరపట్టినవారిని విడిచినట్లూ లేదు. శ్రీకాకుళానికి ఉత్తరాన, గంజాం జిల్లాలో, ఋషికుల్యాతీరాన జౌగడ వద్ద ఆయన శాసనాలు నేటికీ చదవవచ్చు. దేశమంతటా చెక్కించిన ఆ పదమూడవ శాసనం అక్కడ లేదు, ధౌలిలోనూ లేదు. దాని స్థానంలో, ప్రజలందరూ నా బిడ్డలే, వారిని అకారణంగా చెరలో పెట్టకండి, హింసించకండి అని అధికారులకు చెప్పే వేరే శాసనాలను చెక్కించాడు. హతుల సంఖ్యను మాత్రం, ఆ హతుల బంధువులు నివసించే చోట ఆయన చెక్కించలేదు.