లాలా, నర్గిస్: కాబూలు కొండల నుండి క్వార్టరు పెరటి వఱకు

ఫాల్గుణ మాసారంభమున ఢిల్లీ శాంతిపథము వెంట నడచువారికి తులిప్ పూలబారులు కన్నులపండువు చేయును. వానిని చూచి ముచ్చటపడి, దుంపలు కొని తెచ్చి, క్వార్టరు ముందున్న గజమంత నేలలో పాతినవారు మనలో లేకపోలేదు. ఆ యేడు పూవు పూచును. మఱుసటి యేడు మొలకయైనను కానరాదు. బహువార్షికమని పేరుపడిన మొక్క యొక్క యేటితో ముగిసిపోవుటకు కారణమేమి? దీనికి సమాధానము వెదకబోయినచో ఐదు వందల యేండ్ల వెనుకకు పోవలసివచ్చును.

బాబరు 1504లో కాబూలును గైకొనెను. అతడు తన స్వీయచరిత్రలో యుద్ధములను గూర్చి యెంత శ్రద్ధగా వ్రాసెనో పూలను గూర్చియు నంత శ్రద్ధగనే వ్రాసెను. కాబూలు ప్రాంతపు కొండవాలులలోని లాలా పూలను, అనగా తులిప్‌లను, లెక్కపెట్టింపగా 32 లేక 33 రకములు తేలినవట. అందొకటి గులాబివలె పరిమళించెడిదట. ఇతరములైన ఎఱ్ఱని అడవిపూలకును లాలా యను పేరు కలదు కనుక అవియన్నియు తులిప్‌లే యని పట్టుపట్టనక్కఱలేదు. రాజ్యము నిలుపుకొనుటకే తీరికలేనివాడు పూల రకములు లెక్కపెట్టించుట నాకు ముచ్చట గొలుపును.

1526లో పానిపట్టు విజయానంతరము అతడు ఆగ్రా చేరెను. ఎండ, దుమ్ము, వడగాలి, ఈ మూడును అతనిని విసిగించినవి. తోట వేయించి, దాని మడులలో పొందికగా నాటించితినని అతడు చెప్పికొన్న పూలు రెండే: గులాబి, నర్గిస్. లాలా మాట అచ్చట లేదు.

కారణమూహించుట కష్టము కాదు. తులిప్ దుంపలోని మొగ్గ కాడ సాగి చక్కగా వెలికి వచ్చుటకు 12 మొదలు 16 వారముల యెడతెగని చలి కావలయును. ఇంచుమించు 9 డిగ్రీల సెంటీగ్రేడునకు లోబడిన చలి. ఢిల్లీలో పుష్యమాసపు రాత్రులు వణికించినను పగలు ఎండ కాయును. శాంతిపథమున పూచెడి దుంపలు అధికముగా హాలెండు నుండి, శీతలాగారములో ముందే చలిని అనుభవించి వచ్చినవి. అనగా శీతకాలమును మూటగట్టుకొని వచ్చినవన్నమాట. పూవు పూయుటతో ఆ మూట ఖాళీ యగును. పిదప వేసవి వేడికిని, వానలకును దుంప కుళ్ళిపోవును.

కాశ్మీరమున కథ వేఱు. జహంగీరు 1620లో అచ్చటి వసంతమును చూచెను. జనులు కొయ్యయిండ్ల కప్పులపై మట్టి పఱచి లాలా దుంపలు నాటుదురనియు, అవి యేటేట పూచుననియు వ్రాసెను. ఆ యేడు పెద్దమసీదు కప్పుపై అవి విరగబూచినవట! ఉస్తాద్ మన్సూరు చేత అతడు నూఱుకు పైగా కాశ్మీర పుష్పములను చిత్రింపజేసెను. మన్సూరుదిగా చెప్పబడు ఎఱ్ఱ తులిప్ చిత్రమొకటి అలీగఢ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున భద్రముగా నున్నది. ఆగ్రాలో నిలిచిన తులిప్ రాతిపూవే. 1632లో ఆరంభమైన తాజ్‌మహలు గోడల అడుగుభాగమున చలువఱాతిలో దానిని చూడవచ్చును.

బాబరు నాటించిన నర్గిస్ సంగతి వేఱు. గుత్తులుగా పూచు ఈ జాతి దుంపలో మొగ్గ రూపొందుటకు వేసవి వెచ్చదనమే కావలయును. ఆశ్వయుజ కార్తికములలో నాటినచో పుష్య మాఘముల నాటికి తెల్లని పూలు, నడుమ పసుపు గిన్నెతో, విచ్చికొనును. పూలు వాడిన పిదప ఆకులు పచ్చగా నున్నంతవఱకు కోయరాదు. రాబోవు యేటి ఆహారమును దుంపకు చేర్చునవి అవియే. శుభ్రత పేరిట గడ్డితోపాటు ఆకులను కోయించి, పిమ్మట పూయలేదని దుంపను నిందించువారిని ఎందఱినో చూచితిని. ఆకులెండిన పిదప నీరు మానవలయును. వానకాలమున మడిలో నీరు నిలువరాదు.

మన తెనుగు పెరళ్ళలో మే నెల పువ్వని పిలుచుకొను ఎఱ్ఱని బంతివంటి పూవు ఇట్టి సర్దుబాటు నెఱిగినదే. ఆఫ్రికా నుండి వచ్చినదయ్యును చలికాలమెల్ల నేలలో నిద్రించి, నడివేసవిలో ఆకుకంటె ముందుగా తల యెత్తును.

బదిలీ ఉత్తరువు చేతికందిన నాటికి మా పెరటిలోని నర్గిస్ ఆకులు సగమే పండినవి. దుంపలు త్రవ్వుటకు మనసొప్పలేదు. ఆ యింటికి వచ్చువారికి మడిని చూపి, ఆకులు తామై యెండువఱకు కత్తెర పెట్టవలదని చెప్పి తాళములిచ్చితిని.