రూకకు భోజనం

మొన్న పెళ్లిరోజుకి కొత్తవాడ నుంచి హన్మకొండ వెళ్లి, ఆఫర్‌లో ఉన్న థాలీ తిన్నాం. "మన వరంగల్‌కి ఇవన్నీ ఇప్పుడొచ్చినయి" అన్నారు మా ఆయన. నాకు నవ్వొచ్చింది.

బి.ఏ.లో చదివిన క్రీడాభిరామం గుర్తుకొచ్చింది. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి కాకతీయుల ఓరుగల్లంతా తిరుగుతారు. లక్ష్మణవజ్ఝల ఇంట్లో పూటకూటి భోజనం ఎలా ఉంటుందో ఒక పద్యం ఉంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, చివర్లో గడ్డపెరుగు. అన్నీ కలిపి ఒక్క రూక! 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరం ప్రతాపరెడ్డి గారు ఈ కావ్యాన్ని ఎంతగా వాడుకున్నారో.

అయితే పద్యంలో ఇంటాయన పేరుంది గాని, పొయ్యి ముందు ఎవరు కూర్చున్నారో లేదు. కన్యాశుల్కంలోనూ అంతే. ఆ వితంతువు ఊరికి వండిపెట్టి బతుకుతుంది, అందరికీ ఆమె పూటకూళ్లమ్మే.

ఆ రోజు పప్పు చాలా బాగుంది. ఎవరు వండారని బిల్లు తెచ్చిన అబ్బాయిని అడిగాను. వింతగా చూసి లోపలికెళ్లి వచ్చాడు.

"ఇద్దరు ఆంటీలు మేడం, కరీమాబాద్ నుంచి వస్తరు."

పేర్లు అతనికి తెలియవు.