ఇన్సాస్ రైఫిల్‌కు రాత్రి చూపు: బందరు దృశ్యపరికరాల పరిశ్రమ పాత్ర

ప్రవేశిక

మన సైన్యం ఇన్సాస్ రైఫిల్‌ను స్వీకరించిన చరిత్ర మూడు ఊళ్ల మధ్యే తిరుగుతుంది: రూపకల్పన చేసిన పుణె, తయారుచేసిన ఇషాపూర్, నిర్ణయం తీసుకున్న ఢిల్లీ. ఆ కథనంలో మచిలీపట్నం (బందరు) కనిపించదు. పొద్దుగూకాక ఆ రైఫిల్‌తో గురి చూడటానికి దానిపై బిగించే పాసివ్ నైట్ సైట్ మాత్రం బందరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) కర్మాగారంలో తయారైంది. రైఫిల్ స్వీకరణ దాన్ని ఎంపిక చేసిన రోజుతో పూర్తికాదనీ, సైటు చరిత్రను కలిపి చదివినప్పుడే దాని స్వరూపం తెలుస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

పగటి ఆయుధాలు

చీకట్లో గురి చూడలేకపోవడం తుపాకీకి మొదటి నుంచీ ఉన్న లోటే; బందరు చరిత్రలోనే దానికి ఉదాహరణ ఉంది. 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి కల్నల్ ఫోర్డ్ నడిపిన ఈస్టిండియా కంపెనీ సేన బందరు కోటపై దాడి చేసి, కాన్‌ఫ్లాన్స్ ఆధ్వర్యంలోని ఫ్రెంచివారిని లొంగదీసింది. నాటి చెకుముకి తుపాకుల గురి పట్టపగలే అంతంతమాత్రం. చీకట్లో గోడలెక్కి మీదపడటమే తప్ప దూరం నుంచి కాల్చి గెలిచే వీలు లేదు.

తర్వాతి రెండు శతాబ్దాల్లో తుపాకీ చాలా మారింది. దూరం పెరిగింది, వేగం పెరిగింది. అయినా 1962 చైనా యుద్ధంలో మన జవాన్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది .303 లీ ఎన్‌ఫీల్డే. తూటా పేల్చిన ప్రతిసారీ బోల్టు లాగాలి. ఆ యుద్ధం తర్వాత ఇషాపూర్‌లో తయారైన 7.62 మి.మీ. ఎస్సెల్లార్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) ఆ శ్రమను తప్పించింది. దానిపై ఉండే ఇనుప సైట్లు మాత్రం వెలుతురు ఉంటేనే పనికొచ్చేవి. కొండ సరిహద్దుల్లో చొరబాట్లు జరిగేది ఎక్కువగా రాత్రిపూటే గనుక ఈ లోటు చిన్నది కాదు.

ఇన్సాస్ స్వీకరణ

1980లలో పుణెలోని ఆయుధ పరిశోధన, అభివృద్ధి సంస్థ (ఏఆర్‌డీఈ) 5.56 మి.మీ. తూటాతో రైఫిల్, లైట్ మెషిన్‌గన్, కార్బైన్‌లను ఒకే కుటుంబంగా రూపొందించే పని చేపట్టింది. రైఫిల్ మ్యాగజైన్‌లో 20 తూటాలు పడతాయి. ఒక్కొక్కటిగానూ, ఒక్క నొక్కుకు మూడేసి చొప్పున కూడా కాల్చవచ్చు. గురి దూరం 400 మీటర్లు. 1998 గణతంత్ర దినోత్సవ కవాతులో ఈ రైఫిల్ ప్రజలకు కనిపించింది. మరుసటి ఏడాదే కార్గిల్ యుద్ధం దానికి పరీక్ష పెట్టింది. గడ్డకట్టే చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగులుతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. ఈ లోపాల గురించి చాలా రాశారు. ఆ రైఫిల్ పైభాగంలో నైట్ సైట్ బిగించే ఏర్పాటు ఉన్న సంగతిని మాత్రం అంతగా పట్టించుకోలేదు.

ప్రయోగశాల పరికరాల నుంచి నైట్ సైట్ దాకా

బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1926లో మొదలైంది. అది శాస్త్ర ప్రయోగశాలలకు పరికరాలు చేసే సంస్థ. నష్టాల్లో పడిన ఆ కంపెనీని 1983లో బెల్ తన నాలుగో యూనిట్‌గా తీసుకుంది. ఆనాటి నుంచి ఈ తీరపట్నం రక్షణ రంగపు దృశ్యపరికరాలకు కేంద్రమైంది.

రాత్రి చూపుకు తొలి మార్గం పరారుణ దీపం. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని వాడారు. అలాంటి పరికరమే శత్రువు దగ్గరా ఉంటే మన దీపం మన జాడ చెబుతుంది. వియత్నాంలో అమెరికన్ సైన్యం వాడిన స్టార్‌లైట్ స్కోపు ఆ ఇబ్బంది లేకుండా, చుక్కల వెలుగునే పెంచి చూపింది. ఇన్సాస్ నైట్ సైట్‌దీ ఆ పద్ధతే. కటకం పోగుచేసిన మసక వెలుగు ట్యూబులోని ఫోటోక్యాథోడ్‌పై పడి ఎలక్ట్రాన్లను వెలువరిస్తుంది. సన్నని రంధ్రాల పలక వాటిని వేల రెట్లు పెంచుతుంది. చివరి తెరపై ఆకుపచ్చని బొమ్మ కనబడుతుంది. ఇలాంటి ట్యూబుల కోసం బెల్ 1990లో డచ్ కంపెనీ డెల్ఫ్ట్ భాగస్వామ్యంతో పుణెలో ప్రత్యేక సంస్థను నెలకొల్పింది.

రైఫిల్‌పై బిగించే సైటుకు చీకట్లో చూపించడం ఒక్కటే సరిపోదు. పేలిన ప్రతిసారీ వచ్చే అదురుకు కటకాలు కదలకూడదు. కదిలితే గురి తప్పుతుంది. దూరం పెరిగేకొద్దీ తూటా ఎంత కిందికి దిగుతుందో లెక్కగట్టి సైటులోని గుర్తులు వేయాలి. అందువల్ల ఒక రైఫిల్‌కు చేసిన సైటు వేరొకదానికి నేరుగా పనికిరాదు.

రైఫిల్ మారినప్పుడు

2019లో అమెరికా సిగ్ సావర్ నుంచి 72,400 రైఫిళ్లకు, 2021లో కోర్వాలో తయారయ్యే 6,01,427 ఏకే-203 రైఫిళ్లకు ఒప్పందాలు కుదిరాయి. ఇన్సాస్ క్రమంగా తప్పుకుంటోంది. కొత్త రైఫిళ్లపై పికటిన్నీ అనే ప్రామాణిక బిగింపు పట్టాలు ఉన్నాయి. వాటికి సరిపడే బిగింపు ఉన్న ఏ సైటునైనా అమర్చవచ్చు. గుర్తులు మారుస్తారు, గురి కొత్తగా సరిచూస్తారు. ట్యూబు, కటకాల పరిజ్ఞానం అదే కొనసాగుతుంది.

అందుకే రైఫిల్ తప్పుకుంటున్న కాలంలోనే కృష్ణా డెల్టాలో ఈ పరిశ్రమ విస్తరించింది. బందరు, గుడివాడ దారులు కలిసే పామర్రుకు చేరువలోని నిమ్మలూరులో సుమారు ₹360 కోట్లతో కట్టిన బెల్ అధునాతన నైట్ విజన్ కర్మాగారాన్ని 2025 అక్టోబరు 16న ప్రధాని కర్నూలు నుంచి జాతికి అంకితం చేశారు. అదే ఏడాది మే 2న దివిసీమలోని నాగాయలంకలో క్షిపణి పరీక్షా కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఆ కేంద్రపు ప్రణాళికలోనూ రాడార్ల పక్కన ఎలక్ట్రో ఆప్టికల్ వ్యవస్థలు ఉన్నాయి.

ముగింపు

రైఫిల్‌ను ఎంచుకోవడం ఒక నిర్ణయం, దాన్ని రేయింబవళ్లు పనిచేసే ఆయుధంగా మార్చడం ఏళ్ల తరబడి సాగే పని. మొదటిదానికి కాలిబర్, బరువు, ధర కొలమానాలు. రెండోదానికి కటకం నాణ్యత, బిగింపు, ట్యూబుల సరఫరా ఆధారం. ఇన్సాస్‌ను మ్యాగజైన్ పగుళ్లతో మాత్రమే అంచనా వేసిన చరిత్ర ఈ రెండో భాగాన్ని వదిలేసింది. సైనిక సాంకేతిక చరిత్రకారులు ఇషాపూర్‌తో పాటు బందరు ఉత్పత్తినీ పరిశీలిస్తేనే ఆ లోటు తీరుతుంది.