పోస్టులో వచ్చిన బడి

మా క్యాంపు మెస్ గోడకు మొన్న ఒక నోటీసు అంటించారు. చార్జ్‌హ్యాండ్ పోస్టులు నాలుగు ఉన్నాయి, పదో తరగతి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఆఫీసులో పేర్లు ఇవ్వండి అని. మా గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. పన్నెండేళ్లుగా స్టీల్ ఫిక్సింగ్ చేస్తున్న పెద్దాయన ఒకరు మాతోనే ఉన్నారు. డ్రాయింగ్ చూసి ఏ స్లాబుకు ఎన్ని రాడ్లు పడతాయో నోటి లెక్కతో చెబుతారు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు కూడా ఆయన్నే అడుగుతారు. కానీ ఆయన చదువు ఏడో తరగతితో ఆగింది. చివరికి మా గది నుంచి పేరు ఇచ్చింది ఒక్కడే. పనిలో అందరికంటే జూనియర్ అతనే.

ఆ రాత్రి అందరం అదే మాట్లాడుకున్నాం. "ఊళ్లో ఏజెంటుకు చెబితే సర్టిఫికెట్ తెప్పిస్తాడంట" అని ఒకరు అన్నారు. "ఈ వయసులో ఇంకేం చదువు?" అని ఇంకొకరు. ఈ రెండు మాటలకూ జవాబు చరిత్రలోనే ఉంది. అందుకే ఈ వారం ఆ కథ చెప్పుకుందాం. బడి మానేసి పనిలో పడ్డ మనిషి పని మానకుండా మళ్లీ చదువుకోవచ్చన్న ఆలోచన ఎక్కడ పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది అన్నదే ఆ కథ.

ఉత్తరంతో మొదలు

1840లో బ్రిటన్‌లో ఒక పెన్నీ స్టాంపుతో దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే పద్ధతి వచ్చింది. ఐజాక్ పిట్మన్ అనే ఆయన దాన్ని వాడుకుని పోస్టులో షార్ట్‌హ్యాండ్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. నేర్చుకునేవాళ్లు పాఠం రాసి పంపితే ఆయన తప్పులు దిద్ది తిరిగి పంపేవాడు. మాస్టారు ఒక ఊళ్లో, శిష్యుడు ఇంకో ఊళ్లో. దూరవిద్యకు అదొక తొలి అడుగు. 1858 నుంచి లండన్ యూనివర్సిటీ కూడా తన కాలేజీలకు రానివాళ్లకు పరీక్ష రాసి డిగ్రీ తెచ్చుకునే వీలు కల్పించింది.

దక్షిణాఫ్రికాలో యునిసా అనే విశ్వవిద్యాలయం 1946 నుంచి పోస్టు ద్వారా పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. రాబెన్ ఐలండ్ జైల్లో నెల్సన్ మండేలా, ఆయన సహచరులు పగలంతా సున్నపురాయి క్వారీలో పని చేసేవారు. పని చేస్తూనే ఒకరికొకరు పాఠాలు చెప్పుకునేవారు. తెలిసినవాడు తెలియనివాడికి చెప్పడమే అక్కడి బడి. అధికారులు శిక్షగా చదువుకునే అనుమతినే తీసేసిన రోజులూ ఉన్నాయి. అయినా ఆగలేదు. మండేలా 1989లో యునిసా నుంచి లా డిగ్రీ పూర్తి చేశారు. అప్పటికి ఆయన వయసు 70 దాటింది, ఇంకా ఖైదీగానే ఉన్నారు. ఎండలో రాయి కొట్టి వచ్చిన మనిషికి రాత్రి పుస్తకం పట్టుకోవడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పాలా?

గని కార్మికుని కూతురు

ఏ సర్టిఫికెట్టూ అడగకుండా చేర్చుకునే విశ్వవిద్యాలయం అన్న ఆలోచనను బ్రిటన్‌లో 1963లో హెరాల్డ్ విల్సన్ బయటపెట్టారు. ఆయన ప్రధాని అయ్యాక ఆ పనిని భుజాన వేసుకున్నది జెన్నీ లీ అనే మంత్రి. ఆమె స్కాట్లండ్‌లో ఒక బొగ్గుగని కార్మికుని కూతురు. చాలామంది ఎగతాళి చేశారు. ఇంట్లో కూర్చుని టీవీ చూస్తే డిగ్రీ వస్తుందా అన్నారు. ఆమె రెండు విషయాల్లో పట్టు విడవలేదు. చేరడానికి ఎవరినీ ఏ సర్టిఫికెట్టూ అడగకూడదు. పరీక్ష మాత్రం మిగతా యూనివర్సిటీల పరీక్షకు ఏ మాత్రం తీసిపోకూడదు. 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది. 1971లో మొదటి విద్యార్థులు పాఠాలు మొదలుపెట్టారు. తలుపు వెడల్పుగా తెరవాలి గానీ మెట్టు తగ్గించకూడదన్న ఈ సూత్రమే తర్వాత మన దేశానికీ వచ్చింది.

మన నేల మీద

పెద్దవాళ్లు చదువుకోవడం మన తెలుగువాళ్లకు కొత్త కాదు. హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయ ఉద్యమాన్ని ఊరూరికీ తీసుకెళ్లారు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్లకు పంపారు. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో ఆంధ్ర మహాసభ కార్యకర్తలు రాత్రి బడులు నడిపారు. పగలు దొర పొలంలో పని చేసినవాళ్లు రాత్రి లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు.

పోస్టు చదువులు మన దేశంలో 1962లో ఢిల్లీ యూనివర్సిటీతో మొదలయ్యాయి. 1972లో ఆంధ్రా యూనివర్సిటీ, 1977లో ఉస్మానియా ఆ బాట పట్టాయి. "ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు" అని మన ఊళ్లలో అనే మాటకు "కరస్పాండెన్స్‌లో చదివాడు" అన్న మాట తోడైంది. అయితే ఇంటర్ పాసైనవాడికే అందులో చోటు. బడి మధ్యలో మానేసినవాడు గడప బయటే ఉండిపోయాడు.

ఆ గడప దాటించింది మన రాష్ట్రమే. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అప్పుడు ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్. దేశంలో అదే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఢిల్లీలో ఇగ్నో వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకు, 1985లో. ఈ విషయంలో ఢిల్లీకి దారి చూపింది తెలుగునేల అని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

దాని మొదటి వైస్ చాన్సలర్ ఆచార్య జి. రాంరెడ్డి గారు. కరీంనగర్ జిల్లాలో పుట్టిన మనిషి. అంతకు ముందు ఉస్మానియాకు వైస్ చాన్సలర్‌గా చేశారు. ఇగ్నో పెట్టినప్పుడు దానికి కూడా మొదటి వైస్ చాన్సలర్‌గా ఆయన్నే తీసుకున్నారు. తర్వాత యూజీసీ చైర్మన్ అయ్యారు. 1995లో కన్నుమూశారు. గల్ఫ్ విమానం ఎక్కేవాళ్లకు పేరుపడ్డ జిల్లా కరీంనగర్. దేశానికి దూరవిద్య నేర్పిన మనిషిదీ ఆ జిల్లాయే అని ఎంతమందికి తెలుసు?

ఈ యూనివర్సిటీ పద్ధతి మనలాంటి వాళ్లకు అమిరినట్టు ఉంటుంది. పుస్తకాలు తెలుగులోనే ఇస్తారు. మాస్టారు పక్కన లేకపోయినా అర్థమయ్యేలా చిన్న చిన్న భాగాలుగా రాసి, ప్రతి భాగం చివర మనల్ని మనమే పరీక్షించుకునే ప్రశ్నలు పెడతారు. ఊళ్లలోని కాలేజీలనే స్టడీ సెంటర్లుగా వాడుకున్నారు. సెలవు రోజుల్లో అక్కడ అధ్యాపకులు సందేహాలు తీర్చేవారు. రేడియో పాఠాలు కూడా వచ్చాయి. ఇంటర్ లేనివాళ్లకు అర్హత పరీక్ష పెట్టి, అందులో నెగ్గితే డిగ్రీలో చేర్చుకున్నారు. ఉద్యోగస్తులు, గృహిణులు, వ్యవసాయదారులు అలా చేరారు. ఆ తెలుగు పుస్తకాలు ఎంత బాగున్నాయంటే, గ్రూప్ పరీక్షలకు తయారయ్యేవాళ్లు కూడా వాటిని వెతికి చదువుతారు.

1991లో ఆ యూనివర్సిటీకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. అది ఆయన శతజయంతి సంవత్సరం. పేరు సరిగ్గా కుదిరింది. లండన్‌లో చదువుతుండగా స్కాలర్‌షిప్ గడువు ముగిసి 1917లో ఆయన చదువు మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. బొంబాయిలో సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పి, జీతంలో మిగుల్చుకుని, మరికొంత సాయం, అప్పు తోడు చేసుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. ఆగిన చోటే మొదలుపెట్టి పూర్తి చేశారు. చదువు ఆగిపోవడం ఆయనకూ తప్పలేదు.

చదువు వస్తే ఏమవుతుంది?

డిగ్రీల సంగతి అలా ఉంచి అక్షరాల సంగతి చూద్దాం. 1990 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. పొలం పని ముగించుకుని వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడుల్లో కూర్చున్నారు. వాళ్ల వాచకాల్లో సారా వల్ల చితికిన సంసారాల కథలు ఉన్నాయి. చదివినవాళ్లు అది మన ఇంటి కథే కదా అనుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఊళ్లోని ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో మద్యమంతా నిషేధించి, 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఫలితం నిలిచిందా లేదా అన్నది వేరే మాట. సంతకం నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ప్రభుత్వం చేతే సంతకం పెట్టించారు, అది మాత్రం ఎవరూ చెరపలేరు.

పదో తరగతికి దారి

మనలో ఎక్కువమందికి కావలసింది డిగ్రీ కంటే ముందు పదో తరగతి. దానికి 1979లో సీబీఎస్ఈ ఒక ఓపెన్ స్కూల్ ప్రయోగం మొదలుపెట్టింది. 1989లో అది జాతీయ సంస్థ అయింది. 2002 నుంచి దాన్ని ఎన్ఐఓఎస్ అంటున్నారు. మన రాష్ట్రంలో 1991లో ఓపెన్ స్కూల్ సొసైటీ వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే సొసైటీ ఏర్పడింది.

ఎన్ఐఓఎస్‌లో చేరినవాళ్లకు ఐదేళ్ల గడువులో తొమ్మిది అవకాశాలు ఇస్తూ వచ్చారు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కర్లేదు. పాసైన సబ్జెక్టు మన ఖాతాలో ఉండిపోతుంది. పదో తరగతి తెలుగు మీడియంలోనూ రాయవచ్చు. రెండేళ్లకొకసారి సెలవు దొరికే మనకు ఇంతకంటే ఏం కావాలి? సెలవును పరీక్షల నెలకు కలిసేలా అడిగితే రెండు సెలవుల్లో పని పూర్తవుతుంది. గల్ఫ్‌లో కూడా దానికి కేంద్రాలు ఉన్నాయి గానీ ఫీజు ఇండియా కంటే ఎక్కువ.

పాస్‌పోర్టు మీద ముద్ర

పదో తరగతి విలువ మన పాస్‌పోర్టులోనే కనిపిస్తుంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, తక్కువ చదువుకున్నవాళ్లు గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలన్నారు. అదే ఈసీఆర్. పదో తరగతి పాసైనవాళ్లకు ఆ అనుమతి అవసరం లేకుండా చేశారు.

ఇక్కడ రెండో వైపు కూడా చూడాలి. ఈసీఆర్ ఒక అవమానం కాదు. మన కాంట్రాక్టును ఒక అధికారి చూడాలని, మోసం జరగకూడదని పెట్టిన కాపలా అది. పదో తరగతి పాసైతే ఆ కాపలా పోతుంది, మన కాంట్రాక్టు మనమే చదువుకోవాలి. కాబట్టి సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, దాని వెనక చదువు కూడా ఉండాలి. కొన్న కాగితం కాంట్రాక్టు చదివి పెట్టదు.

మా క్యాంపులోనే ఒక తమ్ముడు ఏజెంటు మాట నమ్మి డబ్బు కట్టి సర్టిఫికెట్ తెప్పించుకున్నాడు. అటెస్టేషన్‌కు పంపితే అలాంటి నంబరే బోర్డు దగ్గర లేదని తేలింది. డబ్బు పోయింది, ప్రమోషన్ పోయింది, కేసు అవుతుందేమోనని ఆరు నెలలు నిద్ర లేదు.

ఇంకో జాగ్రత్త. మెట్లు వరసగా ఎక్కాలి. పది, ఇంటర్ లేకుండా నేరుగా డిగ్రీ తెచ్చుకున్న కొందరికి తర్వాత ఉద్యోగాల్లో చిక్కులు వచ్చాయి. యూనివర్సిటీలో చేరేముందు ఆ కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి, రెండు రాష్ట్రాలయ్యాక ఇంకా మారాయి. ఫీజు కట్టేముందు ఆ సంస్థనే నేరుగా అడగండి, మధ్యవర్తిని కాదు.

సర్టిఫికెట్ రాగానే కంపెనీ జీతం పెంచుతుందని మేము చెప్పం. అలా చెప్పడం అబద్ధం. కానీ మళ్లీ నోటీసు అంటించినప్పుడు తల దించుకుని పక్కకు తప్పుకునే అవసరం ఉండదు.

మా గది పెద్దాయన మొదట నవ్వేశారు. తర్వాత అడిగారు, లెక్కల్లో ఏముంటాయని. త్రిభుజాలు, వైశాల్యాలు, శాతాలు అని చెప్పాం. "అవి నేను రోజూ చేసేవే కదా, పేర్లే తెలియవు" అన్నారు. ఆ పేర్లు నేర్పే పని మాలో పదో తరగతి పాసైన కుర్రాడు తీసుకున్నాడు. డ్యూటీ నుంచి వచ్చి వంటయ్యాక రోజూ అరగంట. బదులుగా డ్రాయింగ్ చదవడం పెద్దాయన అతనికి నేర్పుతున్నారు.