మెర్జ్-ప్రైస్‌లో మెర్జ్

ఎలక్ట్రికల్ చదివినవాళ్ళకి మెర్జ్ అంటే మనిషి కాదు, పరీక్షలో గీసే బొమ్మ. మెర్జ్-ప్రైస్ రక్షణ పద్ధతి: లైన్లోకి ఒక చివర ఎంత కరెంటు వెళ్ళిందో రెండో చివర అంతే బయటికి రావాలి. తేడా వస్తే మధ్యలో ఎక్కడో లోపం ఉన్నట్టు. రిలే వెంటనే ఆ లైన్ని విడగొట్టేస్తుంది. నేనూ ఆ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ మెర్జ్ ఎవరో అప్పుడు అడగలేదు.

చార్లెస్ మెర్జ్ 1874లో ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో పుట్టాడు. 1901లో న్యూకాసిల్ దగ్గర ఆయన రూపొందించిన నెప్ట్యూన్ బ్యాంక్ కేంద్రం త్రీ-ఫేజ్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఫ్రీక్వెన్సీ 40 హెర్ట్జ్. అక్కడి ఓడల కార్ఖానాలు, గనులు మెల్లగా ఒకే నెట్‌వర్క్ కిందికి వచ్చాయి.

లండన్‌లో పరిస్థితి వేరు. పేటకో కరెంటు సంస్థ, ఒక్క నగరంలోనే పది రకాల ఫ్రీక్వెన్సీలు. వీధి మారితే మోటారు పనికిరాకపోవచ్చు. పెద్ద కేంద్రాలు కట్టి నగరమంతటికీ కరెంటు ఇద్దామని మెర్జ్ వేసిన పథకం 1905లో బిల్లుగా పార్లమెంటుకి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. ఇంజినీరింగ్ అడ్డం రాలేదు. ఎవరి కేంద్రం వాళ్ళ చేతిలోనే ఉండాలన్న పట్టుదల అడ్డమొచ్చింది.

ఆ పట్టు సడలడానికి ఇరవై ఏళ్ళు, మధ్యలో ఒక ప్రపంచయుద్ధం పట్టాయి. 1925లో వేసిన వీర్ కమిటీకి సాంకేతిక ప్రణాళిక తయారుచేసినవాళ్ళలో మెర్జ్ ఒకడు. 1926 చట్టంతో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. దేశమంతా 132 కిలోవోల్టుల లైన్లు, ఒకే ఫ్రీక్వెన్సీ: 50 హెర్ట్జ్.

అంటే ఆయన చేతుల మీదుగా పెరిగిన న్యూకాసిల్ 40 హెర్ట్జ్ కూడా మారాల్సిందే. మనం రాసిన కోడ్‌లో ఒక మాడ్యూల్ తీసేయమంటేనే మీటింగులో గంటసేపు వాదిస్తాం. ఇక్కడ పోయేది పాతికేళ్ళుగా కార్ఖానాలు నడిపిన వ్యవస్థ!

1933 నాటికి గ్రిడ్ ఏడు ప్రాంతాలుగా, వేటికవే నడిచేది. 1937 అక్టోబరు 29 రాత్రి కంట్రోల్ రూముల్లోని ఇంజినీర్లు పైవాళ్ళ అనుమతి లేకుండానే ఆ ఏడింటినీ కలిపి చూశారు. నిలబడింది. మరుసటి ఏడాది నుంచి అది జాతీయ గ్రిడ్‌గా నడిచింది.

యుద్ధకాలంలో ఒకచోట కేంద్రం దెబ్బతింటే ఇంకోచోటి నుంచి కరెంటు పంపగలిగారంటే ఆ కలయిక వల్లే. మెర్జ్ మాత్రం 1940 అక్టోబరులో లండన్‌లోని తన ఇంటి మీద బాంబు పడి, ఇద్దరు పిల్లలతో సహా చనిపోయాడు.

పాఠ్యపుస్తకంలో ఆ బొమ్మ కింద ఇదంతా రాయడానికి రెండు లైన్లు చాలు. ఆ రెండు లైన్లు ఉండుంటే, పరీక్ష అయిపోయాక కూడా ఆ పేరు గుర్తుండేది.